దొరికిన దేనారము, చెప్పబడిన స్థలము: సామాన్యులు కనుగొన్న రోమా వెండి నాణెములపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

పది వెండి నాణెములలో ఒకటి పోగొట్టుకొన్న స్త్రీ దీపము వెలిగించి, ఇల్లు ఊడ్చి, అది దొరికే వరకు వెదకిన ఉపమానము (లూకా 15:8-10) మన సంఘములలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆమె వెదకిన తీరును గూర్చి మనము ఎన్నో ప్రసంగములు విన్నాము. నాణెము దొరికిన తరువాత ఆమె చేసిన పని మీద మన దృష్టి అంతగా నిలువదు. ఆమె చెలికత్తెలను, పొరుగువారిని పిలిచి, దొరికిందని చెప్పింది. మత్తయి 13:44 లోని మనుష్యుడు ఇందుకు భిన్నముగా ప్రవర్తించాడు. పొలములో ధనము కనబడగానే దానిని తిరిగి దాచిపెట్టి, తనకున్నదంతా అమ్మి ఆ పొలమును కొన్నాడు.

ఈ రెండు ఉపమానములు దేవుని రాజ్యమును గూర్చినవే గాని నాణెములను గూర్చినవి కావు. అయినను భూమిలో ధనము దొరికినప్పుడు మనుష్యులు చేసే రెండు పనులను, అనగా చెప్పుటను, దాచుటను, అవి ఉన్నది ఉన్నట్లు చూపుతున్నాయి. రోమా సామ్రాజ్యపు వెండి నాణెములలో చాలా భాగము పురావస్తు శాస్త్రజ్ఞుల పారకు తగిలినవి కావు. దుక్కి దున్నే రైతుకు, పునాది తీసే కూలీకి, మెటల్ డిటెక్టరు పట్టుకొని తిరిగే సామాన్యునికి దొరికినవే. వారు చెప్పిన చోట చరిత్ర మిగిలింది, దాచిన చోట వెండి మాత్రమే మిగిలింది. స్థలము తెలియని నాణెము సగము సాక్ష్యము మాత్రమే ఇవ్వగలదని, ఆ మిగిలిన సగము లోపించినందువలన క్రొత్త నిబంధన అధ్యయనమునకు కూడా నష్టము కలుగుతున్నదని ఈ వ్యాసములో చూపదలచాము. ఇందుకు ముఖ్య ఉదాహరణగా బ్రిటను దేశపు అనుభవమును తీసుకొని, తరువాత పాలస్తీనాకు, చివరగా మన తెలుగు నేలకు వస్తాము.

దేనారము: పుట్టుక, క్షీణత

దేనారము రోమా గణతంత్ర కాలములో, సుమారు క్రీ.పూ. 211లో పుట్టింది. ఔగుస్తు కైసరు నాటికి దాని బరువు నాలుగు గ్రాములకు కొంచెము తక్కువ, వెండి దాదాపు స్వచ్ఛము. ద్రాక్షతోట ఉపమానములో (మత్తయి 20:2) అది పనివాని ఒక దినపు కూలి. నీరో క్రీ.శ. 64 ప్రాంతమున దాని బరువును తగ్గించి, రాగి పాలును పెంచాడు. సెప్తిమియుస్ సెవెరుస్ కాలమున, క్రీ.శ. రెండవ శతాబ్దపు చివరి సంవత్సరములలో, వెండి సుమారు సగమునకు పడిపోయింది. క్రీ.శ. 215లో కరకల్లా తెచ్చిన కొత్త నాణెము దేనారమును క్రమముగా వాడుకనుండి తొలగించింది. ఆ కొత్త నాణెములో కూడా క్రీ.శ. 270 నాటికి వెండి నామమాత్రమే. నాలుగవ శతాబ్దములో మరల మంచి వెండితో ముద్రించిన పలుచని నాణెములను నేటి పండితులు సిలిక్వా అని పిలుస్తారు.

ఈ క్షీణతను గుర్తుంచుకొనుట అవసరము. మంచి వెండి గల పాత నాణెమును ప్రజలు దాచుకొంటారు, తక్కువ వెండి గల నాణెమును ఖర్చుపెడతారు. అందుచేత ఒక కుండలో ఏ కాలపు నాణెములు ఎన్ని ఉన్నాయి అనేది దానిని దాచినవారి తూకమును, తీర్పును మనకు తెలియజేస్తుంది. కుండ చెదరిపోతే ఆ లెక్క కూడా చెదరిపోతుంది.

బ్రిటనులో చట్టము, నమ్మకము

దొరికిన ధనము ఎవరిది అన్న ప్రశ్న పాతదే. ఒకడు అన్యుని భూమిలో అనుకోకుండా ధనము కనుగొంటే సగము కనుగొన్నవానికి, సగము భూస్వామికి చెందాలని హద్రియాను చక్రవర్తి నిర్ణయించినట్లు జస్టీనియను ధర్మశాస్త్ర గ్రంథము తెలుపుతున్నది. ఇంగ్లండులో మాత్రము మధ్యయుగముల నుండి వేరొక సూత్రము నడిచింది. యజమాని ఎవరో తెలియని బంగారము, వెండి, తిరిగి తీసుకొనే ఉద్దేశముతో దాచినవని తేలితే రాజునకు చెందుతాయి. జారిపడినవైతే చెందవు. వందల ఏండ్ల క్రితము పాతిపెట్టినవాని మనస్సులో ఏమున్నదో కరోనరు ఎదుట తేల్చవలసి వచ్చేది. ఇది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

1996లో చేసి, 1997 సెప్టెంబరు నుండి అమలులోనికి తెచ్చిన ట్రెజర్ చట్టము ఈ చిక్కును తీసివేసింది. ఈ చట్టము ఇంగ్లండు, వేల్సు, ఉత్తర ఐర్లాండులకు వర్తిస్తుంది. కనీసము 300 సంవత్సరముల నాటివై, పది శాతము విలువైన లోహము గల నాణెములు ఒకే చోట రెండు గాని అంతకు మించి గాని దొరికితే, దాచిన ఉద్దేశముతో నిమిత్తము లేకుండా అవి నిధిగా లెక్కింపబడతాయి. కనుగొన్నవారు 14 దినములలో కరోనరుకు తెలియజేయాలి. మ్యూజియము వాటిని కోరితే నిపుణుల సంఘము మార్కెట్టు విలువను నిర్ణయిస్తుంది. ఆ సొమ్మును సాధారణముగా కనుగొన్నవారు, భూస్వామి సమముగా పంచుకొంటారు. హద్రియాను తీర్పు పదునెనిమిది శతాబ్దముల తరువాత మరల వాడుకకు వచ్చినట్లయింది.

అయితే ఈ చట్టములో ఒక ఖాళీ ఉంది. చాళ్లలో ఒంటరిగా దొరికిన ఒక్క దేనారము సాధారణముగా నిధి క్రిందికి రాదు. దానిని చెప్పవలసిన బాధ్యత చట్టములో లేదు. ఆ ఖాళీని పూడ్చుటకు 1997లోనే కొన్ని ప్రాంతములలో పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ అను స్వచ్ఛంద నమోదు పథకమును మొదలుపెట్టారు. 2003 నాటికి అది ఇంగ్లండు, వేల్సు అంతటికి విస్తరించింది. ఇంగ్లండులో బ్రిటిష్ మ్యూజియము, వేల్సులో ఆ దేశపు జాతీయ మ్యూజియము దీనిని నడిపిస్తున్నాయి. ప్రాంతమునకు ఒక అధికారి చొప్పున నియమింపబడి, డిటెక్టరు క్లబ్బులకు వెళ్లి, దొరికిన వస్తువును తూచి, కొలిచి, ఫొటో తీసి, రాజు పేరు, టంకశాల, దొరికిన చోటు వ్రాసుకొని, వస్తువును తిరిగి యజమానికే ఇచ్చివేస్తాడు. ఆ చోటు ఖచ్చితముగా ఎక్కడో దొంగలకు తెలియకుండునట్లు బహిరంగ జాబితాలో స్థూలముగా మాత్రమే చూపుతారు. ఇంతవరకు నమోదైన వస్తువులు 15 లక్షలకు పైగా ఉన్నాయి. వాటిలో రోమా నాణెములు లక్షల సంఖ్యలో ఉన్నాయి.

ఇందులో మనము గమనించవలసినది నమ్మకము. వస్తువును లాగుకొంటారన్న భయము ఉన్నచోట ఎవరూ నోరు విప్పరు. వస్తువు తనదిగానే ఉంటుంది, పేరు వ్రాయబడుతుంది, చోటు కాపాడబడుతుంది అని తెలిసినప్పుడు సామాన్యుడు కూడా చరిత్రకారునికి సహకారి అవుతాడు.

మూడు పొలముల కథ

చెప్పుటకు, దాచుటకు గల తేడాను మూడు సంఘటనలు స్పష్టపరుస్తాయి.

మొదటిది సర్రే ప్రాంతములోని వాన్‌బరో. 1980లలో అక్కడ ఒక పురాతన దేవాలయ స్థలము బయటపడింది. వార్త పొక్కగానే రాత్రివేళ డిటెక్టర్లతో గుంపులు దిగి పొలమును తవ్వివేశాయి. రోమా ఆక్రమణకు ముందు వెనుకల కాలపు వెండి, బంగారు నాణెములు వేల సంఖ్యలో విపణికి తరలిపోయాయి. పట్టుబడినవారి విషయములో కూడా, ఆ నాణెములు తిరిగి తీసుకొనే ఉద్దేశముతో దాచినవా, దేవతకు అర్పించినవా అన్న పాత ప్రశ్న అడ్డు వచ్చి నేరము రుజువు చేయుట కష్టమైంది. నాణెములు నేటికీ ఎక్కడెక్కడో ఉన్నాయి. కాని ఆ దేవాలయమున ఎవరు, ఎప్పుడు, ఏ వరుసలో అర్పణలు ఉంచారు అన్న సంగతి వాటితో రాలేదు. చట్టమును మార్చవలెనని సర్రే పురావస్తు సంఘము పట్టుబట్టుటకు ఈ దోపిడియే కారణము.

రెండవది సఫోక్ ప్రాంతములోని హాక్సన్ గ్రామము. 1992 నవంబరు 16న ఒక రైతు తన పొలములో సుత్తి పోగొట్టుకొన్నాడు. డిటెక్టరు గల స్నేహితుడు దానిని వెదకుచుండగా వెండి నాణెములు, బంగారు గొలుసులు, చెంచాలు బయటపడ్డాయి. వారు కొంత తీసి, ఇక తవ్వక, అధికారులకు కబురు పెట్టారు. మరునాడే పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి మిగిలినది తవ్వారు. దాదాపు 15,000 నాణెములు లభించాయి. వాటిలో 14,000కు పైగా సిలిక్వాలు, 500కు పైగా బంగారు నాణెములు. అన్నిటిలో కడపటివి క్రీ.శ. 407-408 నాటివి, అనగా రోమా సైన్యము బ్రిటనును విడిచిపోయిన దినములవి. 1993లో దీని విలువను 17.5 లక్షల పౌండ్లుగా నిర్ణయించగా, కనుగొన్నవాడు తన బహుమానమును రైతుతో పంచుకొన్నాడు. ఆ సుత్తి కూడా ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియములోనే ఉంది.

సగములో తవ్వకము ఆపినందువలన కలిగిన లాభము చిన్నది కాదు. కొయ్య పూర్తిగా కుళ్లిపోయినను బందులు, తాళములు ఉన్నచోటనే ఉన్నాయి. అందువలన అంతా ఒక పెద్ద పెట్టెలో, లోపల చిన్న పెట్టెలలో, గడ్డితో, గుడ్డతో పొదివి జాగ్రత్తగా సర్దినట్లు తెలిసింది. ఇది భయముతో విసరివేసిన మూట కాదు, తిరిగి వస్తామని నమ్మిన కుటుంబపు ఆస్తి. ఆ వస్తువులలో కొన్నింటిపై క్రీస్తు నామ చిహ్నము, దేవునియందు జీవించుము అను అర్థమిచ్చు లతీను మాట ఉన్నాయి. బ్రిటనులో రోమా పాలన అంతరించే వేళ అక్కడి క్రైస్తవ గృహమొకటి తన ఇంటి సామానుతో సహా మనకు కనబడుతున్నది. సంఘ చరిత్ర విద్యార్థికి ఇంతకంటె విలువైన పత్రము అరుదు.

హాక్సన్ సిలిక్వాలలో అత్యధిక భాగము అంచులు కత్తిరింపబడినవి. రోమా నుండి కొత్త నాణెములు రావడము ఆగిపోగా, ఉన్నవాటి అంచులను కత్తిరించి, ఆ వెండితో మరికొన్ని తయారుచేసుకొన్నారు. కత్తిరించినవారు అక్షరములను కోశారు గాని చక్రవర్తి ముఖమును సాధారణముగా ముట్టలేదు. పాలన పోయిన తరువాత కూడా రూపమునకు విలువ మిగిలిందన్నమాట.

మూడవది సోమర్‌సెట్‌లోని ఫ్రూమ్ సమీపమున 2010లో దొరికిన కుండ. కనుగొన్న వ్యక్తి కొన్ని నాణెములు తీయగానే ఆపి కబురు పంపాడు. తవ్వినవారు కుండను పొరలు పొరలుగా ఖాళీ చేశారు. మొత్తము 52,503 నాణెములు. ఎక్కువ భాగము వెండి క్షీణించిన మూడవ శతాబ్దపు నాణెములే. వాటి మధ్య బ్రిటనులో స్వతంత్రించి ఏలిన కరౌసియస్ (క్రీ.శ. 286-293) ముద్రించిన అయిదు మంచి వెండి దేనారములు ఉన్నాయి. కుండను కొద్దికొద్దిగా ఏండ్ల తరబడి నింపివుంటే చివరి రాజైన కరౌసియస్ నాణెములు పైన ఉండాలి. అవి ఎక్కువగా క్రింది భాగమున కనబడ్డాయి. దీనినిబట్టి కుండను కొద్దికాలములోనే నింపారని, అది ఒక్కరి పొదుపు కాక, అనేకులు కలిసి చేసిన అర్పణ కావచ్చునని కొందరు పండితులు భావిస్తున్నారు. ఈ ఆలోచనకు ఆధారము నాణెముపై లేదు. అది కుండలో ఎంత లోతున ఉన్నదన్న విషయములో ఉంది. అందరివలె బోర్లించి వుంటే ఈ ప్రశ్న పుట్టేదే కాదు.

ఒంటరి నాణెముల సాక్ష్యము

నిధి గొప్పగా కనబడుతుంది. కాని చరిత్రకు ఒంటరి నాణెములు కూడా అంతే అవసరము. నిధి ఒకరు కావాలని దాచినది. ఒంటరి నాణెము సంతలోనో, దారిలోనో జారిపడినది. నిత్యజీవితములో ఏ నాణెము చేతులు మారిందో అదే చెబుతుంది. రిచర్డ్ రీస్ అను పండితుడు బ్రిటనులో దొరికిన రోమా నాణెములను 21 కాలభాగములుగా విభజించి, ఒక స్థలము యొక్క లెక్కను మరొక స్థలముతో పోల్చే పద్ధతిని ఏర్పరచాడు. ప్రజల నమోదు రాకముందు ఈ లెక్కలు ముఖ్యముగా కోటలనుండి, పట్టణములనుండి వచ్చేవి. ఇప్పుడు పల్లెపొలములు కూడా మాట్లాడుతున్నాయి.

ఒక ఉదాహరణ చాలును. మార్కు ఆంటొని క్రీ.పూ. 32-31లో తన సైన్యమునకు జీతమివ్వడానికి ముద్రించిన దేనారములలో వెండి కొంత తక్కువ. అందుచేత వాటిని ఎవరూ కరిగించలేదు, దాచుకొనలేదు. ఆయన ఓడిపోయి మరణించిన రెండువందల సంవత్సరముల తరువాత కూడా అవి బ్రిటనులో చలామణిలో ఉన్నట్లు నిధుల వలన తెలుస్తున్నది. నాణెమును చూచి అది ముద్రించిన సంవత్సరము చెప్పవచ్చు గాని, అది పడిపోయిన సంవత్సరము చెప్పలేము. దానికి ప్రక్కన దొరికినవాటి సాక్ష్యము కావాలి. ఒక్క నాణెము దొరికినంత మాత్రాన స్థలపు కాలమును నిర్ణయించే బైబిలు వ్యాఖ్యాతలకు ఇది హెచ్చరిక.

ఈ పద్ధతికి హద్దులు లేకపోలేదు. డిటెక్టరు తిరిగిన చోటనే నాణెము దొరుకుతుంది. తిరగని అడవి, ఇండ్లు లేచిన పట్టణము ఖాళీగా కనబడతాయి. నిజాయితీ లేనివారు చోటు మార్చి చెప్పవచ్చు. రాత్రి దొంగలు ఇప్పటికీ ఉన్నారు. లోతుగా తవ్వితే చెదరని పొరలు పాడవుతాయన్న విమర్శ న్యాయమైనదే. అయినను దున్నిన నేలపై పొరలోని నాణెము నాగలి వలన, ఎరువుల వలన ఎలాగైనా అరిగిపోతున్నది గనుక, దానిని చెప్పించి వ్రాయించుట లాభమే అని మా అభిప్రాయము.

పన్నురూక ఏది?

ఇప్పుడు సువార్తలకు వద్దాము. పరిసయ్యులు, హేరోదీయులు కైసరునకు పన్నిచ్చుటను గూర్చి అడిగినప్పుడు ప్రభువు ఒక దేనారము తెప్పించి, దానిపై గల రూపము, వ్రాత ఎవరివని అడిగాడు (మత్తయి 22:15-22, మార్కు 12:13-17, లూకా 20:20-26). మూడు సువార్తలలో గ్రీకు మాట దేనారియోన్ అనియే ఉంది. మన తెలుగు బైబిలు ఆ పేరును దేనారము అని నిలుపుకొని, మత్తయిలో పన్నురూక అన్న చక్కని మాటను కూడా వాడింది.

ఆ నాణెము తిబెరి కైసరు (క్రీ.శ. 14-37) దేనారమని సంప్రదాయముగా చెబుతారు. అది ఎక్కువగా గల్లియ దేశములోని లుగ్దునుము, నేటి లియోన్, టంకశాలలో ముద్రింపబడింది. ముందువైపు తిబెరి ముఖము, దైవమైన ఔగుస్తు కుమారుడు అను అర్థమిచ్చు వ్రాత. వెనుకవైపు కూర్చున్న ఒక స్త్రీ, ప్రధాన యాజకుడు అను అర్థమిచ్చు పోంతిఫ్ మాక్సిమ్ అను వ్రాత. ఆ స్త్రీ తిబెరి తల్లి లివియ అని చాలామంది భావిస్తారు. దేవుని కుమారుడును ప్రధానయాజకుడును అయినవాని చేతికి ఈ వ్రాత గల నాణెము వచ్చిందన్న ఆలోచన ప్రసంగీకునికి ఎంతో ఇష్టమైనది.

కాని ఇక్కడనే దొరికిన స్థలముల ప్రశ్న ఎదురవుతుంది. క్రీ.శ. 70కి ముందు యూదయలో వెండి చలామణి ప్రధానముగా తూరు షెకెళ్లది. దేవాలయపు అరషెకెలు పన్ను (మత్తయి 17:24) వాటితోనే చెల్లించేవారు. 1960లో కార్మెలు పర్వతముపై ఇస్ఫియా వద్ద దొరికిన నిధిలో తూరు షెకెళ్లు, అరషెకెళ్లు నాలుగు వేలకు పైగా ఉండగా, రోమా దేనారములు సుమారు 160 మాత్రమే. యెరూషలేము తవ్వకములలో ఆ కాలపు దేనారములు అరుదు. అందుచేత ప్రభువు ఎదుటికి తెచ్చినది ఔగుస్తు దేనారమో, అంతియొకయలో ముద్రింపబడిన వేరొక వెండి నాణెమో కావచ్చునని కొందరు వాదిస్తున్నారు. సువార్తికులు స్పష్టముగా దేనారము అన్నారు గనుక తిబెరి దేనారమే అని మరికొందరు సమాధానమిస్తున్నారు.

ప్రభువు మాట యొక్క బలము ఏ రకపు నాణెము అన్నదానిపై ఆధారపడదు. ఎవరి రూపముందో వారిది వారికి, దేవుని రూపమున సృజింపబడిన మనుష్యుడు దేవునికి అన్న భావము ఏ కైసరు ముఖముతోనైనా నిలుస్తుంది. కాని ఈ వివాదమును తేల్చగల ఆధారమేది అని అడిగితే, దొరికిన స్థలముతో సహా వ్రాయబడిన నాణెములే. పరిశుద్ధ దేశములో దొరికినవని చెప్పి బజారులో అమ్మే దేనారములు వేయి ఉన్నను ఈ ప్రశ్నకు ఒక్క జవాబు కూడా ఇవ్వలేవు. అవి ఏ నేలనుండి వచ్చినవో చెప్పగలవాడు లేడు.

మన నేలలో

ఆశ్చర్యకరమైన సంగతి ఏమనగా, యూదయలో అరుదైన ఈ పోంతిఫ్ మాక్సిమ్ దేనారమే దక్షిణ భారతదేశపు నిధులలో మిక్కిలి సాధారణముగా కనబడే రెండు రకములలో ఒకటి. రెండవది ఔగుస్తు తన మనుమలైన గాయు, లూకియుల బొమ్మలతో ముద్రించినది. నల్గొండ జిల్లా అక్కనపల్లెలో పదిహేను వందలకు పైగా రోమా వెండి నాణెములు ఒకేచోట దొరికాయి. కరీంనగర్ ప్రాంతపు నస్తుల్లాపూర్‌లో రోమా దేనారములు మన దేశపు ముద్రాంకిత నాణెములతో కలిసి బయటపడ్డాయి. ప్రతి సంవత్సరము అయిదు కోట్ల సెస్టర్సులు ఇండియాకు పోతున్నవని ప్లినీ చేసిన ఫిర్యాదుకు మన పొలములే సాక్ష్యమిస్తున్నాయి. నీరో తగ్గించక మునుపటి బరువైన వెండినే ఇక్కడి వర్తకులు కోరుకొన్నారని ఈ నిధుల కూర్పు చెబుతున్నది. కొన్నింటిపై కనబడే చిన్న గుర్తులు అవి చేతులు మారినప్పుడు పరీక్షింపబడినవని సూచిస్తున్నాయి. లుగ్దునులో ఒకే టంకశాలనుండి బయలుదేరిన నాణెము ఒకటి సఫోక్ చాలులో, మరొకటి నల్గొండ కుండలో ఆగిందన్నమాట.

మన పల్లెలలో లంకెబిందెల కథ వినని ఇల్లు లేదు. అయితే లంకెబిందె దొరికినవాడు ఏమి చేస్తాడు? 1878లో బ్రిటిషువారు చేసిన నిధి చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన ధనము భూమిలో దొరికితే కలెక్టరుకు తెలియజేయాలి. యజమాని తేలనప్పుడు, వేరే ఒప్పందము లేకపోతే, మూడు వంతులు కనుగొన్నవానికి, ఒక వంతు భూస్వామికి చెందుతాయి. ఇంతవరకు న్యాయముగానే ఉంది. కాని ప్రభుత్వము నిధిని తీసుకొనదలచినప్పుడు ఇవ్వవలసినది లోహపు విలువ, దానిపై ఐదవ వంతు మాత్రమే. రెండువేల ఏండ్ల దేనారమునకు నాలుగు గ్రాముల వెండి ధర, కొంచెము పైన. చెప్పితే ఆఫీసుల చుట్టూ తిరగాలి, చెప్పకపోతే కంసాలి మూస దగ్గరలోనే ఉంది. బీద రైతు ఏ దారి పడతాడో ఊహించుట కష్టము కాదు. అతనిని దొంగ అనుటకు ముందు, చెప్పినవానికి మేలు కలిగే దారి మనము చూపామా అని అడగాలి. ఒకే పాలకులు రెండు దేశములలోను నడిపిన చట్టములలో ఒకటి 1996లో నమ్మకము వైపు తిరిగింది, రెండవది 1878లో వ్రాసిన లెక్క దగ్గరనే నిలిచింది.

ముగింపు

దీనినిబట్టి మన వేదాంత కళాశాలలకు, సంఘములకు కొన్ని బాధ్యతలు ఉన్నాయని మేము తలుస్తున్నాము.

మొదటిది, క్రొత్త నిబంధన తరగతిలో చూపుటకు ఎక్కడ దొరికిందో తెలియని పాత నాణెమును కొనుట మంచిది కాదు. అటువంటి ప్రతి కొనుగోలు మరొక పొలమును రాత్రివేళ తవ్వించే కూలి అవుతుంది. దాని బదులు నమూనా నాణెము గాని, స్థలము వ్రాయబడిన మ్యూజియము నాణెపు ఫొటో గాని విద్యార్థులకు ఎక్కువ నేర్పుతుంది.

రెండవది, పల్లె కాపరి స్థానము. గ్రామములో ఒక వస్తువు దొరికితే, కలెక్టరు కచేరికి వెళ్లుటకు భయపడే మనిషి తన కాపరిని అడుగవచ్చు. చర్చి పునాది తవ్వేటప్పుడు, బావి తీసేటప్పుడు కుండ బయటపడవచ్చు. అప్పుడు ఆపమని, బోర్లించవద్దని, ఉన్నచోటనే ఉంచి తహశీల్దారుకు, పురావస్తు శాఖకు చెప్పమని, అవసరమైతే తోడు వెళ్లి మాట్లాడమని మన కాపరులకు శిక్షణలో నేర్పాలి. హాక్సన్‌లో ఇద్దరు మనుష్యులు చేసిన పని ఇంతే. వారు పండితులు కారు.

మూడవది, వ్యాఖ్యానములో నిదానము. పన్నురూక ఫలానా నాణెమే అని ఖచ్చితముగా చెప్పేముందు, ఆ నిశ్చయము ఏ నేలనుండి వచ్చిందో అడగాలి.

దొరికినదానిని దాచినవాడు పొలమును సంపాదించుకొన్నాడు. రాజ్యము కొరకు సర్వమును అమ్ముకొనే తెగింపును అతని వద్ద నేర్చుకొందాము. భూమిలో కనబడిన నాణెము విషయములో మాత్రము ఇల్లు ఊడ్చిన ఆ స్త్రీయే మనకు మాదిరి. ఆమె నాణెము విలువ ఒక దినపు కూలికి మించదు. అయినను ఆమె పొరుగువారిని పిలిచి చెప్పింది గనుక ఆ ఇంటి సంతోషము ఊరందరిదయింది.